సార్ తడిపిన గోనెపట్టలు

చీకటి అంటే ఏమిటో నాకు తెలుసని నలభై దాటేదాకా నమ్మకంగా ఉన్నాను. కోసిగిలో పుట్టి పెరిగినదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నం మా ఇళ్లలో తలుపులూ కిటికీలూ బిగించి, నేల మీద నీళ్లు చల్లుకుని పడుకుంటాం. పక్కన పడుకున్న మనిషి ముఖం ఆనవాలు పట్టలేనంత చీకటి. అంతకు మించిన చీకటి ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. అది తప్పని నాకు చెప్పినవి కంటికి కనిపించని ప్రాణులు. వాటి ముందు మా సార్ కూడా తప్పారు కాబట్టి నాకేమీ చిన్నతనం లేదు.

ఇప్పుడు ల్యాబుల్లో చేరే పిల్లలు నా దగ్గరికి వస్తే ముందు అడిగేది ఏ యంత్రాల మీద పనిచేశారు మేడమ్ అని. యంత్రాల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఒక ఎండాకాలం సంగతి మాత్రం మీకు తెలియదు. అది చెబుతాను.

కడప పక్కన ఒక యూనివర్సిటీలో సూక్ష్మజీవుల విభాగం. అందులో నేను టెక్నీషియన్ని. కల్చర్లు పెంచడం, సీసాలు శుద్ధి చేయడం, అవి చచ్చిపోతే తిట్లు తినడం నా పని. మేం పెంచేది నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియాను. ఆకుల్లాగే ఇవి కూడా వెలుతురుతో వండుకు తింటాయి. మాదైతే ఓర్వకల్లు రాళ్ల మధ్య వానకు నిండి, తర్వాత ఎండిపోయే గుంటల్లోంచి సార్ స్వయంగా తెచ్చినది. సీసాలో పోసి ట్యూబులైటు కింద పెడితే పచ్చగా, లేత గోంగూర కడిగిన నీళ్లలా కనిపించేది. ఆ రంగు చూడకుండా రోజు మొదలుపెట్టడం రిటైరయ్యాక కూడా నాకు అలవాటు కాలేదు.

మా ప్రశ్న చిన్నది. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకు ఇంకో ప్రతి తయారు చేసుకోవాలి. ఈ బ్యాక్టీరియా చీకట్లో ఆ పని ఆపేస్తుందనీ, వెలుతురు పడగానే మళ్లీ మొదలుపెడుతుందనీ ఇలాంటి వేరే రకాల మీద పనిచేసినవాళ్లు చెప్పారు. మరి దానికి కావలసింది వెలుతురు కనిపించడమా, ఆ వెలుతురుతో వంట అవడమా? దీనికి ఒక ఉపాయం ఉంది. పొలాల్లో కలుపుకు కొట్టే మందుల్లో ఒకటి, మొక్క వెలుతురుతో చేసుకునే వంటను మాత్రమే ఆపుతుంది. దాన్ని కొంచెం సీసాలో కలిపితే, వెలుతురు ఉంటుంది, వంట ఉండదు. అప్పుడు డీఎన్ఏ ప్రతి తయారవుతుందా లేదా చూడాలి.

ఈ పరిశోధన ఆపాది. కర్నూలు పాతబస్తీ మనిషి. వాళ్లది దర్జీల కుటుంబం. జూనియర్ కాలేజీలో లెక్చరరుగా ఉంటూ, ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యాక, సెలవు పెట్టి పీహెచ్‌డీకి వచ్చింది. నాకంటే పెద్దది కాబట్టి, వాళ్ల ఉర్దూలో అక్క అన్నట్టు, నేను ఆపా అనేదాన్ని. ఆమె నన్ను మా సీమ వాడుకలో మే అనేది. చీకటి సీసాలకు తొడుగులు కావాలంటే బజారుకు పోలేదు, నల్లగుడ్డ రెండు వరసలు వేసి, మూతి దగ్గర నాడా పెట్టి తనే కుట్టింది. అంత చక్కటి కుట్టు మా విభాగంలో ఎవరి చొక్కాకూ లేదు.

సార్‌ది జమ్మలమడుగు దారిలో పల్లె. సేద్యపు కుటుంబం. మనిషి పొడుగు, మాట నిదానం. తనకు పొలం ఎలాగో ఈ సీసాలూ అలాగే. ఉద్యోగమంతా వీటితోనే గడిపినా చెప్పుకోదగ్గ పెద్ద సంగతేదీ ఆయన చేతికి రాలేదు. ఆయన ఎప్పుడూ అనలేదు గానీ ఆ లోటు మాకు తెలుసు. ఆ ఏడాది చివర ఆయన రిటైర్మెంటు. ఆయన వెళ్లిపోతే మా దగ్గర ఆ పని తెలిసిన ఇంకో గైడు లేడు. హైదరాబాదు పోయి చదవడం ఆపాకు కుదరదు, తల్లి మంచాన ఉంది. అందుకని ఆమెకు ఒకటే పట్టుదల. సార్ సీట్లో ఉండగానే థీసిస్ ఇవ్వాలి, ముందు పేజీలో సార్ పేరు ఉండాలి. చదువు మానేసిన ఇన్నేళ్లకు నన్ను రమ్మన్నది ఆయనొక్కడే మే, అనేది.

ఆ మే నెలలో మధ్యాహ్నం పూట కరెంటు పోవడం మొదలైంది. వెలుతురు సీసాల గదికి ఇన్వర్టరు ఉంది, లైట్లు వెలిగేవి. ఏసీని మాత్రం అది మోయలేదు. చీకటి సీసాలు లోపలి చిన్న గదిలో ఉండేవి. కడప ఎండ తెలిసినవాళ్లకు ఆ గది ఎలా కాగేదో చెప్పక్కర్లేదు. కరెంటు పోగానే నేనూ ఆపా బయట వేపచెట్టు కింద క్యారేజీలు విప్పేవాళ్లం. ఆమె నమాజు చేసుకుని వచ్చేది, నేను ఒక కునుకు తీసేదాన్ని. కరెంటు వచ్చాకే లోపలికి పోయేవాళ్లం.

ఫలితాలు చూసుకునే రోజు వచ్చింది. డీఎన్ఏకు అంటుకుని వెలిగే రంగు వేసి, ఎంత ఉందో యంత్రంలో కొలిచేవాళ్లం. వెలుతురు సీసాల్లో పెరిగింది, సరే. చీకటి సీసాల్లో కూడా పెరిగింది. తక్కువే, కానీ పెరిగింది. మళ్లీ పెడితే మళ్లీ పెరిగింది.

సార్ ముఖం నేను అంతకుముందు అలా చూడలేదు. చీకట్లో కూడా డీఎన్ఏ ప్రతి తీసుకునే రకం, అదీ మన ఓర్వకల్లు రాళ్లలో దొరికిందని చెబుతూ వరండాలో కనిపించినవాళ్లందరినీ ఆపారు. గుంటలు ఎండిపోయే చోట బతకాలి కదా, వాన పడ్డ రోజునే, రాత్రీ పగలూ చూడకుండా పెరగడం నేర్చుకుందేమో అని కారణం కూడా కట్టేశారు. పాలకోవా తెప్పించారు. నేను రెండు తిన్నాను. ఆపా ఒకటి చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

నాలుగు రోజుల తర్వాత తెలిసింది ఎందుకో. ఆమె పద్ధతి ప్రకారం చీకటి సీసాల్లో కొన్నింటికి కూడా కలుపు మందు కలిపి పెట్టింది. ఆ సంబరంలో వాటిని ఎవరూ పట్టించుకోలేదు. వాటిలో డీఎన్ఏ పెరగలేదు.

"ఇట్ల చూడు మే," అంది. "ఈ మందు ఏం చేస్తాది? వెలుతురుతో వండుకునే వంటను ఆపుతాది. చీకట్లో వంటే ఉండదు కదా. లేని వంటను ఇది యాడ ఆపింది?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మందు కలపడం వల్ల తేడా వచ్చిందంటే, మందు లేని చీకటి సీసాల్లో వంట జరిగింది. వంట జరిగిందంటే వెలుతురు పడింది. ఎక్కడి నుంచి? తొడుగుల్లో చిల్లి ఉందేమోనని ఆపా ఒక్కోటీ తలకు తొడుక్కుని ఎండలో నిలబడి చూసింది. ఆఫీసు గుమాస్తా అటుగా పోతూ చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. కుట్టులో తప్పు లేదు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు చెట్టు కింద కూర్చోలేదు. గదిలో ఎక్కడైనా సందు ఉందేమో చూద్దామని వెనక్కి వచ్చాం. లోపలి గది తలుపు ఓరగా ఉంది. సార్ లోపల ఉన్నారు.

ఆయన ఒక్కో సీసాకు నల్ల తొడుగు విప్పుతున్నారు. నాడా లాగకుండా, ముడి జాగ్రత్తగా వదులు చేసి. తొడుగును మడిచి పక్కన పెట్టి, తడి నేరుగా గాజుకు తగిలేలా, తడిపిన గోనెపట్టను సీసా చుట్టూ చుడుతున్నారు. మా సీమలో ఎండాకాలం నీళ్లకుండకు చుట్టినట్టే. మధ్యమధ్యలో చెంబులోంచి చేత్తో నీళ్లు చిలకరిస్తూ, "కొంచెం ఓర్చుకోండప్పా, కరెంటొస్తాది," అంటున్నారు. ఆ మాట సీసాలతో.

ఆ గోనెపట్టలు వెనక కుళాయి దగ్గర ఆరేసి ఉండటం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. సార్ మంచినీళ్ల కుండకేమో అనుకున్నాను. కరెంటు వచ్చేలోపు ఆయన వాటిని తీసేసి, తొడుగులు ఎలా ఉన్నవి అలా వేసి, తన గదికి పోయేవారు. మాకు చెప్పడానికి అదొక సంగతని ఆయనకు తోచలేదు. వేడికి అల్లాడుతుంటే తడిగుడ్డ వేయడం కూడా ఒకరికి చెప్పి చేసే పనా?

గది నిజంగానే చీకటిగా ఉంది. కిటికీ మూసి ఉంది, లైటు లేదు. కానీ పడమటి గోడకు పైన ఒక వెంటిలేటరు ఉంది. దాని అద్దం దుమ్ము పట్టి గోడ రంగులో కలిసిపోయింది. దాంట్లోంచి మసక వెలుతురు సీసాల వరస మీద పడుతోంది. మా కళ్లకు అది లెక్కలోకే రానంత తక్కువ. గోనె నేతలో సందులు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు.

మేం చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాం. ఆపా చెట్టు కింద కూలబడింది. ఎట్ల చెప్పేది మే ఆయప్పకు, బిడ్డకు జొరమొచ్చినట్ల చూసుకుంటాండాడు, అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమెకు దారులు రెండున్నాయి. మందు కలిపిన చీకటి సీసాల సంగతి మర్చిపోతే థీసిస్ రెండు నెలల్లో అయిపోతుంది, సార్ సీట్లో ఉండగానే, అదీ పెద్ద సంగతితో. చెబితే చీకటి పనంతా మొదటి నుంచి చేయాలి. అప్పటికి సార్ సీటు ఖాళీ అయిపోతుంది. నేనైతే, నిజం చెప్పాలంటే, మొదటి దారికే మొగ్గాను. నాతో ఆమె వాదించలేదు. రేపు పోయి ఆయన్నే అడుగుదాం అంది, అంతే.

మర్నాడు కాగితాలు తీసుకుని సార్ గదికి పోయాం. గోనెపట్టల మాట ఆపా ఎత్తలేదు. మందు కలిపిన చీకటి సీసాల లెక్క ఆయన ముందు పెట్టి, "చీకట్లో కూడా మందు పని చేసింది సార్. ఎందుకంటారు?" అని చదువుకునే పిల్లలా అడిగింది.

సార్ కళ్లజోడు పెట్టుకుని చూశారు. తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత లేచి, మా ఇద్దరినీ దాటుకుని, వెనక కుళాయి దగ్గరికి నడిచారు. కిటికీలోంచి కనిపిస్తున్నారు. ఒక గోనెపట్టను దండెం మీద నుంచి తీసి, సూర్యుడికి అడ్డంగా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చూశారు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"వెలుతురు పడిందమ్మా," అన్నారు. "నేనే పడేసినా. నా కంటికి చీకటిగానే ఉండె."

ఆపా తల వంచుకుంది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. సార్ ఆ కాగితాల మీద చీకటి సీసాల వరస మొత్తానికి అడ్డంగా ఒక గీత కొట్టి ఆపాకు తిరిగిచ్చారు. ఇది పెట్టి థీసిస్ ఇస్తే నేను సంతకం చేయను అన్నారు. ఆమె ఆ రోజంతా ఏడ్చింది. సార్ కోసం ఏడ్చిందో తన కోసం ఏడ్చిందో నేను అడగలేదు.

తర్వాత రెండు రోజులు ఆయన ల్యాబు వైపు రాలేదు. మూడోనాడు వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "మా ఇంట్లో పాతర ఉండాది," అన్నారు.

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పాత రోజుల్లో జొన్నలు దాచుకోవడానికి భూమిలోకి తవ్విన గొయ్యి. మూతి ఒక మనిషి పట్టేంత, లోపల పెద్ద నీళ్ల కాగులా వెడల్పు. ఎండాకాలమైనా చల్లగా ఉంటుంది, కరెంటుతో పని లేదు. పైన నాపరాయి మూస్తే చీకటి అంటే అది చీకటి. సార్ వాళ్ల పాతర ఏళ్ల తరబడి వాడక మూసి ఉంది. తెరిపించి, గాలి పోనిచ్చి, తాడుకు దీపం కట్టి దించి చూశారు. దీపం ఆరకుండా వెలిగితేనే మనిషి దిగాలి, లోపలి గాలి మంచిది కాకపోతే ప్రాణానికే ముప్పు.

సీసాలు తొడుగులతో సహా బుట్టల్లో దించాం. ఆ వేళకు డీఎన్ఏ ఎంత ఉందో తర్వాత కొలవడానికి, వేళ ప్రకారం కొన్ని సీసాల్లో, కణాలు ఎక్కడివక్కడ ఆగిపోయే మందు కలపాలి. అది లోపలే, చీకట్లోనే, చేత్తో తడుముకుంటూ కలపాలి. పైకి తెచ్చి కలిపితే మళ్లీ మొదటికొస్తుంది. ఆపా చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నిచ్చెన దిగేది. మూతి మీద నల్ల కంబళి రెండు మడతలు పరిచేవాళ్లం. ఇక పైన సార్ పని మొదలు. కంబళి పక్కన నేల మీద కూర్చుని, లోపల మనిషికి గాలి చాలడం లేదేమోనన్న భయంతో, ఒకటే పిలుపు.

"పలుకు తల్లీ."

"పలుకుతాండా సార్."

మళ్లీ కాసేపటికి అదే పిలుపు, అదే జవాబు. పని అయ్యేదాకా. ఎప్పుడన్నా జవాబు కొంచెం ఆలస్యమైతే ఆయన చెయ్యి కంబళి మీదికి పోయేది. తెరిస్తే ప్రయోగం పోతుందని తెలుసు. అయినా చెయ్యి పోయేది.

చివరి రోజు మిగిలిన సీసాలన్నిటినీ పైకి తీశాం. కొన్నిటికి కలుపు మందు కలిపి, కొన్నిటికి కలపకుండా, తొడుగులు విప్పి సార్ ఇంటి ముంగిట్లో పందిరి నీడన పెట్టాం. ఉదయం పూట. సార్ భార్య మాకు ఉగ్గానీ, బజ్జీలూ తెచ్చి పెట్టి, ఈ పచ్చనీళ్లకు ఇంత కాపలా ఎందుకని నవ్వి లోపలికి పోయింది. ముగ్గురం నాపరాళ్ల మీద కూర్చుని సీసాల వైపు చూస్తున్నాం. వాటిలో ప్రతి కణం ఆ సమయంలో తన పొయ్యి రాజేసుకుని, ఆగిపోయిన పని మళ్లీ ఎత్తుకుంటూ ఉండాలి. చూడటానికి ఏమీ ఉండదు. నీళ్ల రంగు కూడా మారదు.

"మొదలుపెట్టినాయంటావా?" అన్నారు సార్.

పెట్టే ఉంటాయి సార్ అంది ఆపా.

నా ఉద్యోగంలో అంత ఖాళీగా, అంత నిండుగా కూర్చున్న పూట ఇంకోటి లేదు. మీరెప్పుడైనా మా ల్యాబు కంటే పెద్ద ల్యాబుల్లో పనిచేయండి, పేరు తెచ్చుకోండి. ఆ ముంగిట్లో కూర్చోవడం మాత్రం నాకు ఇంకోసారి కావాలి. ఎవరినడిగినా దొరికేది కాదని తెలిసీ కావాలి.

కొలిచి చూస్తే అంతా తేటగా వచ్చింది. పాతరలో డీఎన్ఏ పని ఆగింది. వెలుతురులోకి తెచ్చాక మళ్లీ సాగింది. వెలుతురున్నా కలుపు మందు ఉన్న సీసాల్లో సాగలేదు. అంటే వెలుతురు కనిపించినంత మాత్రాన చాలదు, దాంతో వండుకోవాలి. ఓర్వకల్లు రాళ్లలో దొరికిన మా బ్యాక్టీరియా కూడా అన్నిటిలాంటిదే. కొత్త సంగతి కాదు, పెద్ద పేరు రాదు. నిజం, అంతే.

అప్పటికి సార్ రిటైరయ్యారు. ఆ పని తెలియకపోయినా, ఇంకో విభాగంలోని ఒకాయన గైడుగా సంతకం చేశారు. మంచివారే, ఏ అడ్డమూ పెట్టలేదు. ముందు పేజీలో ఆయన పేరే వచ్చింది. సార్ పేరు కూడా చేర్చమని ఆపా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. రూలు ఒప్పుకోలేదు.

ఆఖరి పరీక్ష రోజు హాల్లో సార్ వెనక వరసలో కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, చీకటి ప్రయోగం ల్యాబులో కాకుండా జొన్నల పాతరలో ఎందుకు చేశారని అడిగాడు. గదిలోకి కొంచెం వెలుతురు చొరబడింది సార్, అందుకని, అని ఆపా దాటేయబోయింది. వెనక నుంచి సార్ లేచారు.

"చొరబడలేదప్పా. నేనే పిలిచి కూర్చోబెట్టినా," అన్నారు. గోనెపట్టల కథంతా చెప్పారు. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వారు. ఆపా ఒక్కతే నవ్వలేదు.

ఆమెకు డాక్టరేటు వచ్చింది. కర్నూలులో తన కాలేజీకి తిరిగి పోయింది. నేను రిటైరై ఆ ఊరిని ఆనుకున్న కల్లూరులో చిన్న ఇల్లు కట్టుకున్నాను. షేర్ ఆటో ఎక్కితే ఆపా ఇల్లు ఎంతో దూరం కాదు. మొన్నటి ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే ఆమె నుంచి ఫోను వచ్చింది. సార్ పోయారు.

ఇద్దరం మొదటి బస్సుకే బయల్దేరాం. చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆయన్ని నడిమింట్లో పడుకోబెట్టారు. పల్లెలో కరెంటు లేదు. మంచుపెట్టె జమ్మలమడుగు నుంచి ఇంకా రావాలన్నారు. తలుపులు దగ్గరగా వేసి, కిటికీలకు తడి గోనెపట్టలు కట్టారు. ఆయన భార్య మమ్మల్ని చూసి, ఆపా చెయ్యి పట్టుకుని, నిన్న కూడా నిన్ను తలుచుకున్నాడు తల్లీ అంది. ఆపా పలకలేదు. దారి పొడవునా కూడా పలకలేదు.

చాలాసేపు అలాగే కూర్చున్నాం. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఎండ పడమటికి తిరిగింది. ఆయన తల వైపు కిటికీకి కట్టిన గోనెపట్ట ఆరిపోయినట్టుంది, దాని సందుల్లోంచి సన్నటి వెలుతురు ఆయన ముఖం మీద పడటం మొదలైంది. నేను చూశాను. ఆపా కూడా చూసింది. లేచింది. కిటికీ దగ్గరికి పోయి ముడి విప్పి, ఆ గోనెపట్టను బయట తొట్టి దగ్గరికి తీసుకుపోయి బాగా ముంచి, నీళ్లు కారుతుండగానే తెచ్చింది. ఒక మడత కాదు, రెండు మడతలు వేసి మళ్లీ కట్టింది. అప్పుడు ఏడ్చింది.